సింగిల్‌కి రూమ్ లేదు

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో నేను రిసెప్షన్ చూస్తాను. చేరి తొమ్మిదేళ్ళయింది. చేరిన రోజు మేనేజరు నాకు మూడే మాటలు చెప్పాడు. ఆధార్ జిరాక్స్ లేకుండా తాళం ఇవ్వొద్దు. అడ్వాన్సు తీసుకోకుండా బ్యాగులు పైకి పంపొద్దు. ఒక్కరే వస్తే రూమ్ లేదని చెప్పు. మూడో మాటకి కారణం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ మాట ఎన్ని వందల సార్లు అన్నానో లెక్కలేదు. ఒకసారి మాత్రం మనసులో ఉండిపోయింది. చలికాలం. రాత్రి పదకొండున్నరకి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచి, దాని మూతికి కొబ్బరితాడు. రైలు లేటయిందని, తెల్లవారుజామున కొండకి పోవాలని, కాసేపు నడుం వాలిస్తే చాలని అడిగింది. కొంగు ముడి విప్పి నోట్లు కౌంటరు మీద పెట్టింది కూడా. "ఒక్కరికి ఇవ్వమమ్మా, రూలు" అన్నాను. ఆమె కోప్పడలేదు. "నేనేం తప్పు చేసినా నాయనా?" అంది. నన్ను నిలదీయడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు జవాబు తోచలేదు. మళ్ళీ "రూలమ్మా" అన్నాను. నోట్లు ఒక్కొక్కటే మడిచి కొంగున ముడేసుకుని స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆమె అడిగినదానికి జవాబు దొరకడానికి నాకు రెండేళ్ళ చదువు పట్టింది.

దూరవిద్యలో ఎమ్మే సోషియాలజీకి ఫీజు కట్టినప్పుడు నాకు పెద్ద ఉద్దేశాలేమీ లేవు. నేను బీకాం. గ్రూప్స్‌కి చదువుతున్న స్నేహితుడు ఒకడు, "సోషియాలజీ తీసుకో, నైట్ డ్యూటీలో కూర్చుని చదువుకోవచ్చు, తర్వాత పరీక్షలకీ పనికొస్తుంది" అన్నాడు. పుస్తకాలు వచ్చాయి. మొదటి రెండు నెలలూ విసుగే. సమాజం, సముదాయం, సంఘం, సంస్థ అంటూ పేజీల కొద్దీ నిర్వచనాలు. ఫ్రాన్సుకి చెందిన అగస్ట్ కోంత్ 1830ల చివర్లో ఈ శాస్త్రానికి ఈ పేరును వాడుకలోకి తెచ్చాడని బట్టీ పట్టాను. ఎందుకు చేరానా అనిపించింది.

మలుపు ఒక చిన్న లెక్కతో వచ్చింది. అమెరికాకి చెందిన సోషియాలజీ ఆచార్యుడు సి. రైట్ మిల్స్ 1959లో రాసినది అది. లక్ష మంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే పని లేదంటే, అది వాడి సొంత ఇబ్బంది. వాడి చదువెంత, తెలివెంత, గుణమేమిటి అని చూడొచ్చు. కానీ ఐదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేదంటే, ఇక ఒక్కొక్కరి గుణం చూసి లాభం లేదు. ఆ దేశంలో పనుల ఏర్పాటే చెడింది.

రాత్రి రెండింటికి, లాబీలో ఫ్యాను కింద, అది చదివి పుస్తకం మూశాను. మా నాన్న గుర్తొచ్చాడు. మాది పాకాల దగ్గర పల్లె. వర్షం మీద ఆధారపడిన వేరుశెనగ. బోరు మూడు చోట్ల వేశాం, మూడూ ఎండాయి. బీకాం ఫస్టు క్లాసులో పాసై లాడ్జి కౌంటర్లో కూర్చున్నందుకు నాన్న నన్ను చాలాసార్లు అన్నాడు, "నీకు ధ్యాస లేదురా" అని. నేనూ అదే నమ్మాను. మర్నాడు టీ తాగడానికి వెళ్ళినప్పుడు మా వీధిలో ఉన్న లాడ్జిల రిసెప్షన్ వాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను, ఏం చదివారని, ఏ ఊరని. ఒకతను బీఎస్సీ, ఇద్దరు బీటెక్, ఒకతను బీఈడీ కూడా చేశాడు. పుత్తూరు, నగరి, పలమనేరు, శ్రీకాళహస్తి. ఊళ్ళు వేరైనా కథ దాదాపు ఒకటే: కమతం చిన్నది, నీళ్ళు లేవు, చదివితే ఉద్యోగం వస్తుందన్నారు, చదివాం, రాలేదు, తిరుపతి ఉంది కాబట్టి తిరుపతి వచ్చాం. ఇన్నేళ్ళూ పక్కపక్క కౌంటర్లలో కూర్చుని ఎవరికి వాళ్ళం మనకే ధ్యాస లేదనుకున్నాం. ఆ రోజు నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో రాయడం కష్టం. ఆ బరువు దిగినచోట కోపం కూడా వచ్చింది, కానీ ఈసారి నా మీద కాదు.

ఆదివారం క్లాసుల్లో మాకు చెప్పే మేడం రెండో ఏడాది ప్రాజెక్టు గురించి చెబుతూ, "ఎక్కడికో పోవద్దు. మీరు రోజూ చూసేదాన్నే కొత్తగా వచ్చినవాళ్ళలా చూసి రాయండి" అన్నారు. ఒక షరతు పెట్టారు: నోట్సులో 'వాళ్ళంతే' అన్న మాట ఎక్కడా కనపడకూడదు. అప్పటిదాకా నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. ఫలానా ఊరివాళ్ళంతే, బేరమాడతారు. ఫలానా భాషవాళ్ళంతే, గోల చేస్తారు. పెళ్ళిబృందాలంతే. కాలేజీ పిల్లలంతే. మనిషి లాబీలోకి అడుగుపెట్టేలోపే నా తీర్పు అయిపోయేది.

లాడ్జికంటే ముందు ఇంట్లో మొదలుపెట్టమని ఆమే సలహా ఇచ్చారు. హెరాల్డ్ గార్ఫింకెల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1960లలో తన విద్యార్థులకి ఒక పని పెట్టేవాడట. సొంత ఇంట్లో పావుగంట నుంచి గంటసేపు, ఆ ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళలా మర్యాదగా మసలుకోవాలి. అడిగితేనే మాట్లాడాలి, ఏదైనా కావాలంటే అనుమతి తీసుకోవాలి. లాడ్జిలో పనిచేసేవాడికి ఇంతకన్నా తగిన పరీక్ష ఏముంటుంది?

మా ఇల్లు కొర్లగుంటలో. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. ఒక సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని వచ్చి, వంటింటి గడప దగ్గర నిలబడి, "కొంచెం మంచినీళ్ళు దొరుకుతాయా అండీ?" అని అడిగాను. నా భార్య వెనక్కి తిరిగి చూసి, చెంబు ఇచ్చి, ఏమీ అనలేదు. "ఈ కుర్చీలో కూర్చోవచ్చా?" అన్నాను. అప్పుడు గరిటె పక్కన పెట్టింది. టిఫిన్ పెట్టాక "చాలా బాగుందండీ, ఎంత ఇమ్మంటారు?" అన్నాను. ఆ మాటకి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏమైంది మీకు? నేనేమన్నా అన్నానా?" అంది. అమ్మ లోపల్నుంచి వచ్చి నుదురు పట్టుకుని చూసి, "జ్వరం లేదే. ఎవురి కన్ను పడిందో ఏమో" అని ఉప్పూ మిరపకాయలూ తేవడానికి వెళ్ళింది. పన్నెండు నిమిషాలకే ఆపేసి, సంగతి చెప్పి, ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను. గార్ఫింకెల్ విద్యార్థుల ఇళ్ళల్లోనూ ఇదే జరిగిందని తర్వాత చదివాను. ఒంట్లో బాలేదా, ఉద్యోగం పోయిందా అని ఇంట్లోవాళ్ళు కంగారుపడ్డారట.

ఆ పన్నెండు నిమిషాల్లో నాకు తెలిసిందేమంటే, నేను ఇంట్లో ఏదీ అడిగి తీసుకోను. నీళ్ళు, కుర్చీ, టిఫిను, ఫ్యాను, నిశ్శబ్దం, అన్నీ నాకోసం ముందే సిద్ధమై ఉంటాయి. సిద్ధం చేసేది ఎవరు అన్న ఆలోచనే రాలేదు. లాడ్జిలో బకెట్టు నీళ్ళు అదనంగా ఇస్తే బిల్లులో రాసే మనిషిని నేను.

అందుకని వారం రోజులు నేనూ నా భార్యా కాగితం మీద గంట గంటకీ ఏం చేశామో రాద్దామన్నాను. ఆమె నవ్వి, "ఇది రాసే టైము ఏ గడిలో రాయాలి?" అంది. అయినా రాసింది. ఆమె ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నూనె మరకలు, అంచున పెన్సిలుతో జాకెట్ కొలతలు. '4.40 నీళ్ళు పట్టడం. 5.10 పొయ్యి. 7.30 పిల్లోడి సాక్సు వెతకడం.' అక్కడిదాకా నేను ఊహించినవే. కింద ఒక వరుస ఉంది: '9 నుంచి 1 వరకు, ఆయన పడుకున్నాడు. పిల్లలు ఇంట్లో ఉంటే అరవనీకుండా చూడటం, మిషను తొక్కకుండా చేతికుట్టు.' నా కాగితంలో అదే నాలుగు గంటలకి ఎదురుగా 'నిద్ర' అని ఒక్కటే మాట ఉంది. నా నిద్ర ఆమెకి పని. నాకు కుట్టు మిషను చప్పుడు ఎప్పుడూ ఎందుకు వినపడలేదో ఆ వరుస చదివేదాకా తెలియదు.

మన దేశంలో ప్రభుత్వ గణాంక శాఖ 2019లో ఏడాది పొడుగునా ఇలాంటి సర్వేనే చేసింది, ఎవరి సమయం ఎటు పోతోందని. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు దానికి పెడుతున్నారని అప్పుడు తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ కొంచెమైనా చేసే మగవాళ్ళు నూటికి 26 మందే. ఆడవాళ్ళలో 81 మంది. ఈ అంకెలు కాలేజీలో చెప్పి ఉంటే పరీక్షలో రాసి మర్చిపోయేవాణ్ణి. నూనె మరకల కాగితం పక్కన పెట్టి చదివాను కాబట్టి మర్చిపోలేదు. ఇప్పుడు నీళ్ళు పట్టడం నాది, డ్యూటీ నుంచి వచ్చి ఆ పని చేశాకే పడుకుంటాను. మధ్యాహ్నం మిషను చప్పుడు అవుతుంది. మొదట్లో నిద్ర పట్టేది కాదు, అలవాటైంది.

ఇక లాడ్జి. నలభై రోజులు నోట్సు రాయాలనుకున్నాను. పాత రిజిస్టర్ల కింద ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాను.

మేడం నాకు ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజీ ఆచార్యుడి గురించి చదవమన్నారు. ఆయన 1949 నుంచి 1951 మధ్య బ్రిటన్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఉండి, అక్కడి ఒక చిన్న హోటల్ని దగ్గరగా గమనించాడు. నాటకంలో స్టేజీ, తెర వెనక ఉన్నట్టు మనుషుల బతుకులోనూ రెండు చోట్లు ఉంటాయన్నది ఆయన మాట. ఆ హోటల్లో వంటింటికీ అతిథులు తిరిగే భాగానికీ మధ్య తలుపు గురించి రోజూ గొడవ జరిగేదట. ట్రేలు మోసే పనిపిల్లలకి తలుపు తెరిచి ఉండాలి. వంటింటి సంగతులు అతిథుల కంట పడతాయని నడిపేవాళ్ళకి మూసి ఉండాలి. ఒకరు విసురుగా మూయడం, ఒకరు విసురుగా తోయడం.

చదువుతూ నేను పైకి చూశాను. మా ఫస్ట్ ఫ్లోర్‌లో దుప్పట్ల గది ఉంది. బకెట్లు మోసుకుంటూ తిరిగే రూమ్ బాయ్‌లు దాని తలుపుకి ఇటుకరాయి అడ్డం పెడతారు. మేనేజరు పైకి వెళ్ళినప్పుడల్లా ఆ ఇటుకని కాలితో పక్కకి తోసి తలుపు మూస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు వింటున్నాను. వాళ్ళు మొండివాళ్ళు, ఈయన కోపిష్టి అని అనుకున్నాను తప్ప, ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడినా అలాగే చేస్తారని తట్టలేదు. మేనేజరు మూడు రోజులు సెలవు పెడితే నేను పైకి వెళ్ళాను. రెండో రోజుకి ఇటుకని నా కాలే తోసింది.

ఆ దుప్పట్ల గదిలో నేను ఎక్కువ రోజులు కూర్చున్నది మా పెద్ద రూమ్ బాయ్ దగ్గర. ఆయనకి యాభైనాలుగేళ్ళు. మనవరాలు ఉంది. పదేళ్ళ పిల్లలు కూడా వరండాలో నిలబడి "బాయ్, హాట్ వాటర్!" అని కేకేస్తారు. నేనూ గెస్టుల ముందు "బాయ్‌ని పంపుతాను సామీ" అంటాను, తెర వెనక "మామా" అంటాను. నోట్సు రాస్తుంటే చూసి, "ఏం నాయనా, మమ్మల్నే రాస్తాండావా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఇది రాసుకో. పేరు పెట్టి పిలిచిన గెస్టు రూమ్ నేను రెండుసార్లు ఊడుస్తా" అన్నాడు. అది అలాగే రాసుకున్నాను.

ఆయన తిరుపతి పాతూరి మనిషి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే ఆయనకి సెలవు ఇవ్వకపోతే ఉద్యోగమే మానేస్తాడు. మొక్కు ఉంది. ఆ ఏడాది నేను జాతర వీధిలో నిలబడి చూశాను. మామ చీర కట్టుకుని, ముఖానికి పసుపు పూసుకుని, చేతిలో వేపమండలతో గుంపులో వస్తున్నాడు. తిరుపతిలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు, మగవాళ్ళు ఆడవేషం కట్టి గంగమ్మకి మొక్కు తీర్చుకోవడం మన ఊరి జాతరకి ప్రాణం. జోయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ ఆచార్యురాలు ఏళ్ళ తరబడి వచ్చి చూసి 2013లో దీని మీదే పెద్ద పుస్తకం తెచ్చారు. నేను చూసింది చిన్న విషయం. రోడ్డు పక్కన మా ఓనరు ఉన్నాడు. వేషాలు దగ్గరికి రాగానే చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు. మామ ఆయన ముందు నుంచి తల తిప్పకుండా నడిచి వెళ్ళాడు. వారం తర్వాత అదే ఓనరు లాబీలో "బాయ్!" అన్నాడు, మామ "సార్" అని పరుగెత్తాడు. ఇద్దరిలో ఏ ఒక్కరూ నటించలేదు. ఆ వీధిలో దండం పెట్టిందీ నిజమే, లాబీలో కేకేసిందీ నిజమే. మనిషి గుణం అని మనం అనేదాంట్లో సగం ఆ మనిషి నిలబడిన చోటుదే అని నాకు పుస్తకం కన్నా గట్టిగా చెప్పింది ఆ రెండు దృశ్యాలే.

రిజిస్టర్లో ఎవరు సంతకం పెడుతున్నారు అన్నది కూడా గీతలు గీసి లెక్కపెట్టాను. కుటుంబంగా వస్తే పెన్ను దాదాపు ఎప్పుడూ మగవాడి చేతికే పోతుంది. గమనిస్తే, ఇస్తున్నది నేనే. రిజిస్టరు తిప్పేటప్పుడు నా చేయి దానంతటదే అటు తిరుగుతుంది. ఒక టీచరమ్మ, గదికి డబ్బు ఆవిడే కడుతూ, నా చేతిలోని పెన్ను తనే తీసుకుని రాసింది. ఆ రోజు నుంచి పెన్ను ఎవరికీ ఇవ్వడం మానేసి రిజిస్టరు మధ్యలో పెడుతున్నాను.

ఇరవైమూడో రోజున నోట్సు పోయింది. నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశారు. పేపర్ల దుకాణాలు మూడు తిరిగాను. దొరకలేదు. ప్రాజెక్టు మానేస్తానని మేడంకి ఫోన్ చేస్తే ఆమె మన దేశపు సోషియాలజీ ఆచార్యుడు ఎం.ఎన్. శ్రీనివాస్ గారి కథ చెప్పారు. 1948లో మైసూరు దగ్గర పల్లెలో ఉండి ఆయన సేకరించిన విషయాలతో ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న నోట్సు, మూడు ప్రతులూ, 1970 ఏప్రిల్లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ దగ్గర ఆయన పనిచేస్తున్న కేంద్రానికి ఎవరో నిప్పు పెడితే కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం నుంచే పుస్తకం రాశారు, అది 1976లో వచ్చింది. నాది ఇరవైమూడు రోజుల నోట్సు, ఆయనది దాదాపు ఇరవై ఏళ్ళ పని. సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నాను. రాస్తుంటే అంకెలు ఏవీ గుర్తు రాలేదు, మనుషులు వచ్చారు. అందరికన్నా ముందు గుడ్డసంచి పెద్దావిడ వచ్చింది.

దాంతో ప్రాజెక్టు ఆ ఒక్క రూలు మీదికి తిప్పేశాను.

ఎవరు పెట్టారీ రూలు? మేనేజర్ని అడిగితే ఓనరు చెప్పాడన్నాడు. ఓనర్ని అడిగితే, "నేను లాడ్జి తీసుకున్నప్పటి నుంచీ ఉంది. పక్కవాళ్ళూ ఇవ్వరు కదా" అన్నాడు. పక్క లాడ్జిలో అడిగితే, "ఈ వీధిలో ఎవరూ ఇవ్వరు, మేమిస్తే మాకే తగులుకుంటుంది" అన్నారు. పోలీసులు ఒప్పుకోరని ఇద్దరు చెప్పారు. టీ కొట్టు దగ్గర కనపడే ఒక హెడ్ కానిస్టేబుల్‌ని అడిగితే, "ఐడీ తీసుకో, రిజిస్టరు రాయి, అనుమానం ఉంటే ఫోన్ చెయ్యి. ఒక్కరొస్తే ఇవ్వొద్దని మేమెప్పుడు చెప్పినాం?" అని ఆయనే నన్ను ఎదురడిగాడు. ఎక్కడా రాసి లేదు. ఎవరిదీ కాదు. కానీ ఇటుక గోడలా అందరికీ తగులుతూనే ఉంది. ఫ్రెంచి ఆచార్యుడు ఎమిల్ దుర్ఖైమ్ సామాజిక వాస్తవం అని దేన్ని అన్నాడో మూడుసార్లు చదివినా అర్థం కాలేదు, మా వీధిలో నాలుగు కౌంటర్లు తిరిగితే అర్థమైంది.

చివరికి చెప్పింది మామే. చాలా ఏళ్ళ కిందట, ఇంకో ఓనరు ఉన్నప్పుడు, రెండో ఫ్లోర్లో ఒంటరిగా దిగిన ఒకాయన పొద్దున తలుపు తీయలేదు. తలుపు తెరిచింది మామే. తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిందీ, ఆయన ఊరి నుంచి వచ్చిన భార్యకి నీళ్ళిచ్చి కూర్చోబెట్టిందీ మామే. "ఆయమ్మ మొగం ఇప్పుటికీ కనపడతాది" అన్నాడు. అప్పటి నుంచి ఒక్కరికి గది లేదు. మిగతా లాడ్జిల్లోనూ అడిగితే ఇలాంటి భయమే బయటపడింది. పైకి అనే కారణాలు వేరు. లోపల ఉన్నది ఇదే.

దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీదే పుస్తకం రాశాడు. ఇంతకన్నా సొంత విషయం, ఇంతకన్నా ఒంటరి విషయం లేదని అందరూ అనుకునేదాన్నే ఆయన ఎంచుకున్నాడు. ఐరోపా దేశాల సర్కారీ లెక్కలు ముందు పెట్టుకుని చూస్తే, ఒక్కొక్కరి కథ వేరైనా, ఒక్కో దేశంలో ఆ సంఖ్య ఏటేటా దాదాపు అంతే ఉంటోంది. పెళ్ళయినవాళ్ళలో తక్కువ, కానివాళ్ళలో ఎక్కువ. మనిషికి చుట్టూ ఉన్నవాళ్ళతో ముడి ఎంత గట్టిగా ఉంటే ప్రమాదం అంత తగ్గుతుందని ఆయన తేల్చాడు.

అంటే, ఒంటరిగా వచ్చినవాళ్ళని చూసి మా వీధి లాడ్జివాళ్ళు పడే భయంలో కొంత నిజం ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. కానీ ఆ భయంతో మేం చేస్తున్న పని ఏమిటి? ముడి తెగి వచ్చినవాడు ఒకడు ఉంటే, అర్ధరాత్రి వాడి ముందున్న ఆఖరి తలుపు కూడా మూసేస్తున్నాం. ముడి తెగనివాళ్ళని, అంటే మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెద్దావిడల్ని, పరీక్ష రాయడానికి వచ్చిన అమ్మాయిల్ని, పనిమీద వచ్చినవాళ్ళని, ఏ తప్పూ లేకుండా రోడ్డు మీదికి పంపుతున్నాం. వాళ్ళ ప్రాణం కాపాడటం కాదిది, మా లాడ్జి పేరు కాపాడుకోవడం. "నేనేం తప్పు చేసినా నాయనా?" అంటే, జవాబు ఇదమ్మా: మీరేం చేయలేదు. ఎప్పుడో ఎవరికో జరిగిన దుఃఖాన్ని మేం రూలుగా మార్చుకుని మీకు అడ్డం పెట్టాం.

ఈ మాట క్లాసులో చదివితే ఒక స్నేహితుడు అన్నాడు, "అంతా ఏర్పాటుదే తప్పంటే ఇక మనిషి తప్పేమీ లేనట్టేనా?" మంచి ప్రశ్నే. నేను అలా అనుకోను. రూలు నాది కాదు, నిజమే. కానీ ఆ రాత్రి ఆ మాట అన్న నోరు నాది. లాబీలో సోఫా ఉంది, కనీసం తెల్లారేదాకా కూర్చోమని అనొచ్చు. అది ఏ రూలూ ఆపలేదు. ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిశాక నా భాగం ఎంతో ఇంకా స్పష్టంగా కనపడుతోంది.

ప్రాజెక్టు పాసైంది. వైవాలో వచ్చినాయన ఎంతమందిని అడిగావు, ఎలా ఎంచుకున్నావు అని రెండు ప్రశ్నలు వేసి సంతకం పెట్టారు. నాకు అసలు పరీక్ష ఓనరు దగ్గర. ఆయనకి దుర్ఖైమ్ గురించి చెప్పలేదు. వారం మధ్యలో ఎన్ని గదులు ఖాళీగా ఉంటున్నాయో, ఆ రాత్రుల్లోనే ఎంతమంది సింగిల్స్‌ని పంపించేశామో తేదీలతో రాసి చూపించాను. మామ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కింద కౌంటరు పక్కన ఉండే గది ఇద్దాం సార్. నేను చూసుకుంటా" అన్నాడు. తలుపు తెరిచిన మనిషి ఆ మాట అన్నాక ఓనరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. సరే, ఆ ఒక్క గది, ఐడీతో, ఇంటి నంబరు రాసుకుని ఇవ్వమన్నాడు. ఏదైనా జరిగితే బాధ్యత నీదే అని నాతో అన్నాడు. ఒప్పుకున్నాను. ఒంటరిగా వచ్చినవాళ్ళతో ఇప్పుడు రెండు మాటలు ఎక్కువ మాట్లాడతాం. ఏ ఊరు, భోంచేశారా, ఇంట్లో ఫోన్ చేసి చేరానని చెప్పారా. మనసు బాగాలేనివాళ్ళు ఎప్పుడైనా మాట్లాడగలిగే ప్రభుత్వ నంబరు, టెలీ మానస్ 14416, గదిలో అద్దం పక్కన అతికించాను.

పోయిన నెల, రాత్రి పన్నెండు దాటాక, ఒకావిడ వచ్చింది. ఆ పెద్దావిడ కాదు. కానీ అదే వయసు. బస్సు దారిలో చెడిపోయిందట. లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడి, "ఒక్కదాన్నే నాయనా, ఇస్తారా?" అంది. ముందే ఎన్ని చోట్ల అడిగి వచ్చిందో ఆ గొంతులోనే తెలుస్తోంది. రిజిస్టరు మధ్యలో పెట్టాను. పేరు తనే రాసింది, అక్షరాలు కూడబలుక్కుంటూ. 'వెంట వచ్చినవారు' అన్న గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. "ఖాళీగా వదిలేయండమ్మా" అన్నాను. మామ సంచి అందుకుని గది తెరిచి, వేడినీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో చూపించి వచ్చాడు. టోకెన్ల లైనుకి పోవాలి, మూడింటికి లేపమంది.

ఆ మూడు గంటలూ నేను పుస్తకం తెరవలేదు. మామ కూడా పైకి వెళ్ళి పడుకోలేదు, సోఫాలోనే కూర్చున్నాడు. మూడుకి ఐదు నిమిషాలు ఉండగా ఇద్దరం వెళ్ళాం. తలుపు మామే తట్టాడు.

"వస్తాండా నాయనా" అని లోపల్నుంచి వినపడింది.